వదులు చుట్టలు

మేలురకం చుట్టల కార్ఖానాలో రుచి చూసి మార్కులు వేయడం ఆయన పని. పొద్దున్నే మంచినీళ్లతో నోరు పుక్కిలించి, చుట్టను చెవి దగ్గర మెల్లగా నొక్కి విని, వెలిగించి, పొగను నాలుక మీద కాసేపు నిలిపి వదిలేస్తాడు. ఏది ఎవరు చుట్టారో ఆయనకు చెప్పరు. చెబితే మొహమాటం అడ్డొస్తుందని ఆయనే పెట్టించిన నియమం అది. భార్య కూడా అక్కడే చుట్టలు చుట్టేది. ఆవిడ చివరి నెలల్లో వదులు చుట్టలు ఎక్కువయ్యాయి. "ఎవరో గానీ, వేళ్లలో బొత్తిగా చేవ లేదే!" అని రోజూ భోజనం దగ్గర విసుక్కునేవాడు. ఆవిడ ఊఁ కొట్టి, ఇంకాస్త వడ్డించేది. ఆవిడ జబ్బు బయటపడేసరికి పరిస్థితి చేయి దాటిపోయింది.

ఆవిడ పోయాక ఆయన మళ్లీ పనిలోకి వచ్చిన రోజున అన్నీ బిగువైన చుట్టలే వచ్చాయి. "వదులువి ఆగిపోయాయే! ఆ మనిషి మానేసిందా?" అని చుట్టేవాళ్ల మీద అజమాయిషీ చేసే మేస్త్రమ్మను అడిగాడు. ఆమె తల దించుకుంది.

"అవి వదినవే అన్నయ్యా. వేళ్లు పట్టు తప్పుతున్నాయని నీకు చెప్పొద్దంది. నా చేత ఒట్టు వేయించుకుంది."

ఆయన చేతిలో చుట్ట ఆరిపోయింది. "ఒక్కటైనా మిగిలిందా అమ్మా?" అన్నాడు.

"నువ్వు వద్దన్నవి ఏ రోజుకారోజు విప్పేసి తుక్కులో కలిపేస్తాం కదన్నయ్యా," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ.