భద్రమ్మ కోళ్లు, ఎర్ర మక్కలు

రఘునాథపల్లిలో భద్రమ్మ దొడ్డి పక్కనుంచి పోయేవాళ్లు, చేతిలో ఏమున్నా ఆమె కోళ్లకు మాత్రం విసరరు. ఒకసారి పక్కింటి వినోద ఊరగాయ తొక్కు కలిపి మిగిలిన మెతుకులు గోడ మీది నుంచి విదిలించింది. భద్రమ్మ వెళ్లి ఆమె చెయ్యి పట్టి మెలిపెడితే గాజులు చిట్లి మణికట్టు తెగింది.

"గంత ఉప్పు తింటే కోళ్లు బతుకుతయా? నీ పిల్లలకు గట్లనే పెడ్తవా?" అని అరిచింది. కారుతున్న రక్తం మీద తానే పసుపు అద్దింది కానీ, తప్పయిందని మాత్రం అనలేదు.

ఆ కోపం పుట్టింట్లో పుట్టింది. తొర్రూరు దగ్గరి పల్లె వాళ్లది. తండ్రి తాగొచ్చి తల్లిని కొట్టేవాడు, తల్లి ఆ కసి పిల్ల మీద తీర్చుకునేది. ఒక వానాకాలం ఇంట్లో మక్కలు, అదే మొక్కజొన్న గింజలు, తడిసి బూజు పట్టాయి. పారేయడానికి మనసొప్పక తల్లి వాటిని కోళ్లకు వేసింది. కోళ్లన్నీ మెడలు వాల్చి చచ్చాయి. తండ్రి ఎవరు వేశారని అడగలేదు. ఎదురుగా ఉన్న భద్రమ్మను కట్టెతో వీపు పగిలేదాకా కొట్టాడు. అప్పటినుంచి కోడి నోట్లోకి ఏది పోవాలో, ఏది పోకూడదో ఆమె ప్రాణం పెట్టి చూసేది.

పెళ్లయి రఘునాథపల్లి వచ్చాక నూకలు, జొన్నలు, తరిగిన తోటకూర, గుమ్మడి గింజలు వేసేది. పిల్లల కోడి ఉంటే పుట్ట తవ్వి చెదలు తెచ్చేది. ఉడకని చిక్కుడు గింజలు, పచ్చబడ్డ ఆలుగడ్డ తొక్కలు, వాడిన చాయపత్తి దొడ్లో కనబడితే మొగుడు సారంగపాణికి కూడా తిట్లు తప్పేవి కావు. గూట్లో దూరిన ముంగిసను రోకలితో నలగ్గొట్టి, దాన్ని గోడ మీద పారేసింది, మిగతా ముంగిసలు చూడాలని.

దొడ్డి వెనకే మరిది గోపాల్ చేను. ఈ ఏడు తొలకరికి అతను మక్క వేశాడు. సంచుల్లో వచ్చే విత్తనానికి మందు పట్టించి ఉంటుంది, ఎర్రగా మెరుస్తుంటుంది. కోళ్లు కంచె దాటి సాళ్లు గీకాయి. గోపాల్ రాయి విసిరితే ఒక పెట్ట కాలు విరిగింది. భద్రమ్మ అదే రాయి తీసి అతని భుజం మీద కొట్టింది.

"వదినా, రేపు నీ కోళ్లు ఎట్ల లేస్తయో జూస్త," అన్నాడు గోపాల్.

"నా కోళ్ల మీద చెయ్యి పడ్డదంటే నీ చెయ్యి ఉండదు," అంది ఆమె.

మర్నాడు గూడు తెరిచి వాకిలి ఊడ్చేలోపే దొడ్లో రెక్కల చప్పుడు మొదలైంది. పుంజు తలను వీపు మీదికి విరుచుకుని గిరగిరా తిరుగుతోంది. పెట్టలు నోటి నుంచి నురగ కారుస్తూ కాళ్లతో నేలను తన్నుకుంటున్నాయి. కంచె వెంబడి ఎర్ర మక్కలు చల్లి ఉన్నాయి. వంగి వాసన చూస్తే పురుగుల మందు ముక్కుపుటాలను కాల్చింది.

భద్రమ్మ ఏడవలేదు. ఇంకా నిలబడి ఉన్న కోళ్లను ఏరి వంటింట్లోకి తెచ్చి తలుపు వేసింది. ఒక్కోదాన్ని మోకాళ్ల మధ్య బిగించి, గొంతు కింద ఈకలు పీకి, మేత నిండే సంచిని బ్లేడుతో కోసింది. ఎర్ర గింజలు వేలితో తోడి పారేసి, నీళ్లతో కడిగి, సూది దారంతో కుట్టి పసుపు అద్దింది. కోళ్లు గోళ్లతో ఆమె చేతులు చీరేశాయి. కొన్ని కుట్టు పడకముందే చేతిలో ప్రాణం వదిలాయి. మోచేతులదాకా నెత్తురుతో బయటికి వచ్చేసరికి దొడ్లో చచ్చిన కోళ్లు లేవు.

"గోపాల్ గంపల ఏసుకపోయిండక్కా," అంది వినోద గోడ అవతలి నుంచి. "బోరుకాడ కూర వండుతాండ్లు. మీ ఆయన గూడ ఆడనే ఉన్నడు."

ఆమె పరుగెత్తింది. బోరు దగ్గర మూడు రాళ్ల పొయ్యి మీద గంజులో కూర కుతకుత ఉడుకుతోంది. సారంగపాణి కల్లు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అతని వేళ్లకు కాల్చిన కోడి కాలేయం మసి అంటుకుని ఉంది.

"ముట్టకుండ్రి! మందు తిని సచ్చిన కోళ్లు!"

సారంగపాణి తమ్ముడి వైపు చూశాడు. "రోగమొచ్చి సచ్చినయంటివి గదరా?"

"ఏమైతదన్నా? పేగులు, సంచి అన్ని తీసి పారేసిన. ఇగ కూరల మందేడుంటది?" అన్నాడు గోపాల్.

భద్రమ్మ గంజు వైపు ఉరికింది. గోపాల్ ఆమె కొప్పు పట్టి వెనక్కి గుంజి, మోకాలితో నడుము మీద పొడిచాడు. ఆమె అతని చెయ్యి కొరికింది. పట్టు సడలగానే కొంగుతో గంజు అంచు పట్టి ఒక్క తోపు తోసింది. సలసల కాగే కూర గోపాల్ తొడల మీద పడింది. అతని కేక ఊరిదాకా వినబడింది.

సారంగపాణి లేచి పెళ్లాం మొహం మీద కొట్టాడు. పెదవి చిట్లింది. కింద పడితే కాలితో తన్నాడు. "సొంత తమ్మున్ని కాలవెడ్తివి గదనే!"

మళ్లీ కాలెత్తిన సారంగపాణి ఆగిపోయాడు. పేగులు పారేసిన చోట గోపాల్ కుక్క పక్కకు ఒరిగి, నురగ కక్కుతూ నాలుగు కాళ్లూ గాల్లో తన్నుకుంటోంది. అందరూ చూస్తుండగానే బిగుసుకుపోయింది. సారంగపాణి తన వేళ్ల వైపు చూసుకున్నాడు. అతని నుదుటి నిండా చెమట పట్టి ఉంది. నోట్లో ఊరే నీళ్లు ఆగడం లేదు.

"కార్జం తిన్నవా?" అంది భద్రమ్మ కింద నుంచే.

అతను తల ఊపాడు.

నెత్తురు తుడుచుకోకుండానే ఆమె హైవే మీదికి పరుగెత్తి ఆటోను ఆపింది. వరంగల్ పెద్ద దవాఖాన చేరేదాకా ఒకపక్క మరిది కాలిన తొడలు గాలికి ఆరబెట్టుకుంటూ అరుస్తున్నాడు, మరోపక్క మొగుడు ఆమె ఒళ్లో కక్కుతున్నాడు. మొగుడు ఏం తిన్నాడో, గోపాల్ నోటి నుంచి రాబట్టిన మందు పేరేమిటో డాక్టరుకు ఆమే చెప్పింది. ఇద్దరూ బతికారు.

వార్డుకు పోలీసు వచ్చాడు. "కూర వాని మీద నేనే పోసిన. మందు పెట్టింది వాడు. రెండూ రాసుకో సారూ," అంది భద్రమ్మ. గోపాల్ గోడ వైపు తిరిగి కేసు వద్దన్నాడు. ఇంటికి వచ్చాక చేనుకూ దొడ్డికీ మధ్య ఎత్తుగా వల కట్టించాడు. అన్నదమ్ముల మధ్య మాట ఆగిపోయింది.

సారంగపాణి చాలా రోజులు మంచం దిగలేదు. ఒక పొద్దున భద్రమ్మ అతనికి జావ తాగిస్తూ, "నన్నెందుకు కొట్టినవ్?" అని అడిగింది.

అతను కిందికి చూశాడు. ఆమె గిన్నె మంచం పట్టె మీద పెట్టి, నూకల చాట తీసుకుని దొడ్లోకి వెళ్లింది. సారంగపాణి రెండు చేతులతో గిన్నె ఎత్తుకుని, మీద ఒలకబోసుకుంటూ తానే తాగాడు.