మోకాలి లోతు నీళ్లు

పెదపాడు దగ్గరున్న మా చేపల చెరువును పిట్టలకు వదిలేయాలన్న ఆలోచన నాకు ఏలూరు గ్రంథాలయంలో పుట్టింది. పదో తరగతితో ఆగిన చదువును అక్కడి బల్లల దగ్గరే సాగించినవాణ్ణి. జమ్ము గడ్డిలో నీటికోళ్లు గూళ్లు కట్టాలంటే నీళ్లు మోకాలి లోతు దాటకూడదని చదివాక, గట్లు వాలుగా చెక్కించి, కొల్లేటి నుంచి జమ్ము దుంపలు తెచ్చి నాటాను.

"చేపల చెరువులో గడ్డి పెంచుతున్నారు. రేపు అదే పులుసు పెట్టమంటారా?" అంది మా ఆవిడ.

మొదటి ఏడాది దోమలే వచ్చాయి. రెండో వేసవికి జమ్ము నా ఎత్తు పెరిగింది. దాని మొదళ్లలో, నీటికి జానెడు పైన, నీటికోళ్లు గుడ్లు పెట్టాయి. అంతలో వేసవి అని కాలువకు నీళ్లు ఆపేశారు. మా మడుగు అడుగంటింది. గూళ్ల వైపు బురదలో కుక్కల అడుగులు కనిపించాయి.

పక్క చెరువు రైతు దగ్గరికి పరుగెత్తాను. ఇంజన్‌తో మా మడుగులోకి కాసిని నీళ్లు తోడమన్నాను.

"మా చేపపిల్లల్ని మింగే పిట్టలకి నన్నే నీళ్లు పట్టమంటారా? భలేవారండీ!" అని ఆయన నవ్వారు. "మీరు నోరు తెరిచి అడిగాక కాదంటామా?"

"కొంచెం చాలండీ. మోకాలి లోతు."

"ఊరుకోండి, మీకన్నీ మొహమాటాలే."

ఆ సాయంత్రం తాడేపల్లిగూడెంలో బంధువుల ఇంట ప్రార్థన ఉంటే వెళ్లాను. మర్నాడు బస్సు దిగి తిన్నగా మడుగు దగ్గరికి నడిచాను. నీళ్లు గట్టు అంచును తాకుతున్నాయి. జమ్ము సగానికి పైగా మునిగిపోయింది. గూళ్లు లేవు. గుడ్లు తేలుతున్నాయి. అప్పుడే పెట్టిన గుడ్డు మునుగుతుందనీ, పిల్ల ఎదిగిన గుడ్డే తేలుతుందనీ నేను చదివాను. ఆ ఒక్కటీ చదవకపోయినా బాగుండేది.

పక్క చెరువు రైతు చేతులకంటిన ఇంజన్ నూనె తుడుచుకుంటూ వచ్చారు. నిద్ర లేక కళ్లు ఎర్రబడ్డాయి.

"కొంచెం అన్నారు గానీ, ఇచ్చేది కొంచెం ఇస్తే ఏం బాగుంటుందండీ? అదిగో, ఎలా ఈదుతున్నాయో చూడండి!"

జమ్ము చుట్టూ నీటికోళ్లు అరుస్తూ తిరుగుతున్నాయి.

"మీ మేలు మర్చిపోలేమండీ," అన్నాను.

ఆయన గట్టు దిగి నీటి దాకా రాబోయారు. నేను చెయ్యి పట్టుకుని, టీ తాగుదాం రండి అంటూ రోడ్డు వైపు తిప్పేశాను.