సెకండాఫ్ బాగాలేదన్న డాక్టర్ గారు

బాతెల్ అనే ఊళ్లో మా మొదటి అపార్ట్‌మెంట్‌లో నాకు దొరికిన ఇరుగుపొరుగు ఒక తెలుగు సినిమా ఫోరం. డిపెండెంట్ వీసా మీద వచ్చాను, ఉద్యోగం చేయకూడదు, డ్రైవింగ్ రాదు. మా ఆయన ఆఫీస్‌కి వెళ్లగానే గిన్నెలు కడిగేసి కంప్యూటర్ ముందు చేరేదాన్ని. తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకుంటూ పాటల మీద, ఫైట్ల మీద, వసూళ్ల మీద పొద్దస్తమానం వాదించుకునే జనం. ఆ గోల లేకపోతే ఆ చలికాలాల్లో నాకు పిచ్చెక్కి ఉండేది.

ఇప్పుడందరూ ఆ ఫోరం పేరెత్తితే చాలు, ముచ్చటపడిపోతారు. నేనూ పడతాను గానీ అక్కడి కుళ్లు మరిచిపోలేదు. హీరో గురించి మొదలైన గొడవ రెండు పేజీలు తిరిగేసరికి కులంలోకి దిగేది. ఆడపిల్ల అని తెలిస్తే ఇక వదిలేవారు కాదు. అందుకే మగపేరు పెట్టుకుని చేరాను. చదవడమే తప్ప రాసింది తక్కువ.

ఆ సంతలో ఒక పెద్దాయన ఉండేవారు. ఎప్పుడో డెబ్బైల్లో వచ్చి మిషిగన్‌లో స్థిరపడ్డ డాక్టర్. అందరూ డాక్టర్ గారు అనేవాళ్లం. ఆయన హీరోల గురించి రాసేవారు కాదు. పెళ్లి సీన్లలో వెనక వరసలో కూర్చునే ఒక ముసలావిడ గురించి రాశారోసారి. ఏ సినిమాలో చూసినా ఆవిడ అప్పగింతలప్పుడు సొంత చుట్టంలా ఏడుస్తుందట. కెమెరా తన మీద లేకపోయినా ఏడుస్తుందట. చిన్నప్పుడు నేల టికెట్‌లో కూర్చుని చూస్తే తెరమీద మనుషులు ఎంతో పొడుగ్గా ఉండేవారనీ, కుర్చీ క్లాసుకి మారాక అందరూ పొట్టివాళ్లయిపోయారనీ ఇంకోసారి రాశారు. నేను పొయ్యి మీద కూర మాడబెట్టుకుని చదివేదాన్ని.

మా ఆయనా రాత్రుళ్లు అదే ఫోరంలో రాసేవారు. ఆయనకి ఒక హీరో అంటే ప్రాణం. ఆ హీరో సినిమా ప్రీమియర్‌కి పక్కనున్న రెడ్‌మండ్ వెళ్లాం. కాగితాలు ఎగరేసి, ఈలలు వేసి, హాలు మేనేజర్ చేత చీవాట్లు తిన్నారు అందరూ. ఇంటర్వెల్ అయ్యాక మా ఆయన నా భుజం మీద తల వాల్చి హాయిగా గుర్రు పెట్టారు. క్లైమాక్స్ చప్పుడుకి లేచి మళ్లీ ఈల వేశారు.

మర్నాడు ఫోరంలో డాక్టర్ గారు పేజీ నిండా రాశారు, ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ సాగదీశారు అని. అంతే, మా ఆయనకి పూనకం వచ్చింది. ఫోరంలో ఒక పద్ధతి ఉండేది. ఎదుటివాడి మాటని వాక్యం వాక్యం కోసి డబ్బాలో పెట్టి, దాని కింద మన తిట్టు రాయడం. ఆయన అదే పనిగా కూర్చున్నారు. ముసలాయన మతిమరుపు మీద, బట్టతల మీద జోకులు. ఒక్కొక్కటి నాకు చదివి వినిపిస్తుంటే నేను టీ ఇచ్చి నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

డాక్టర్ గారు ఒక్కసారే జవాబిచ్చారు. "తమ్ముడూ, మీ వయసులో నేనూ మా హీరో కోసం హాస్టల్లో చొక్కా చింపుకున్నాను. సినిమా బాగాలేదనడానికి అప్పుడు నోరు రాలేదు. ఇప్పుడు వస్తోంది. మీకూ ఒకరోజు వస్తుంది." దాని కింద మా ఆయన, 'బీపీ చూసుకోండి అంకుల్' అని రాశారు. డాక్టర్ గారు మరి రాయలేదు.

కొన్నేళ్లకి జనం ఫేస్‌బుక్‌కి తరలిపోయారు. ఫోరం నడిపేవాళ్లకి విసుగొచ్చిందో ఏమో, ఒకరోజు పేజీ తెరుచుకోలేదు. ఆ ముసలావిడా, ఆ నేల టికెట్టూ అన్నీ దాంతోపాటే పోయాయి.

తర్వాత ఒక తెలుగు గ్రూప్‌లో ఒకమ్మాయి రాసింది. డాక్టర్ గారి కూతురు. నాన్న పోయారనీ, ఆయన ఫోరంలో రాసినవి ఎవరి దగ్గరైనా ఉన్నాయా అనీ. నంబర్ పంపితే ఫోన్ చేసింది.

"ఆంటీ, డాడీ రాసింది ఏదైనా ఓకే. చిన్నది ఐనా ఓకే," అంది.

మా దగ్గర ఉంది. ఆ రోజు గెలిచానన్న మురిపెంతో మా ఆయన ఆ పేజీలన్నీ సేవ్ చేసుకున్నారు. పెళ్లి ఫొటోలతో పాటు లాప్‌టాప్ నుంచి లాప్‌టాప్‌కి అవీ వస్తూనే ఉన్నాయి. డాక్టర్ గారి మాటలు మాకు మిగిలింది ఆ డబ్బాల్లోనే, ప్రతిదాని కిందా ఒక తిట్టుతో.

తిట్లన్నీ తీసేసి పంపుదామన్నాను. తీసి చూస్తే డాక్టర్ గారి జవాబుకి అర్థమే లేకుండా పోయింది. ఎవరికి చెబుతున్నారో, ఎందుకు చెబుతున్నారో తెలియదు. "ఉన్నదున్నట్టు పంపించెయ్," అన్నారు మా ఆయన.

మర్నాడు సాయంత్రం ఆ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాను. ఏడ్చినట్టుంది గొంతు.

"థాంక్యూ ఆంటీ. డాడీ వాయిస్ వినిపించింది నాకు. కానీ ఈ గై ఎవరు? సో మీన్!"

నేను నోరు తెరిచేలోగా మా ఆయన ఫోన్ దగ్గరికి జరిగారు.

"నేనేనమ్మా."

ఆ అమ్మాయి మెల్లగా అడిగింది, "అంకుల్, ఆ మూవీ నిజంగా బాగుందా?"

"నాకు తెలీదమ్మా," అన్నారు. "సెకండాఫ్‌లో నేను నిద్రపోయాను."