నూరు గరికపోచలు

నా చిన్నప్పుడు తిన్న దెబ్బలు చాలానే ఉన్నాయి కానీ, ఉప్పల్లో మా పెద్దమ్మ ఇంట్లో అమ్మ కొట్టిన చెంపదెబ్బను నేనింకా క్షమించలేదు. అరవై ఏళ్ళు దాటాక కూడా ఇదేం పట్టుదల అని మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. తప్పు నాది కాదు.

అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. మేము నాచారంలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. మిల్లులో పనిచేసే నాయన ఊపిరితిత్తుల జబ్బుతో రెండేళ్ళుగా మంచంలోనే ఉన్నాడు. అమ్మ నాలుగిళ్ళలో పనిచేసేది. మధ్యాహ్నం వచ్చి ఆయనకు ఒళ్ళు తుడిచి, గంజి తాగించి, మళ్ళీ పరుగెత్తేది. పెద్దమ్మ మనవడి పుట్టువెంట్రుకల దావత్‌కు అమ్మ నన్ను తీసుకుని వెళ్ళింది. భోజనాల్లో నేను రెండో లడ్డూ అడిగాను. నాయనకు పట్టుకెళ్దామని అడిగాను.

"ఇంట్ల దిననట్టే అడుగుతున్నది పోరి," అన్నది పెద్దమ్మ, పంక్తి మొత్తానికి వినబడేలా. అందరూ నవ్వారు. అమ్మ లేచి వచ్చి, ఆ నవ్వుకు జవాబు నా చెంప మీద చెప్పింది. లడ్డూ ఎవరికోసమో ఒక్కరూ అడగలేదు.

"నాయన మీద ఒట్టు, నూరు దినాలు నీతోని మాట్లాడ," అన్నాను అందరి ముందే.

ఒక మనిషి మీద పెట్టిన ఒట్టు తప్పితే ఆ మనిషికే కీడు. మా ఇళ్ళల్లో పిల్లలకు ఈ సంగతి నడక రాకముందే తెలుస్తుంది. మర్నాటి నుంచి తలుపు పక్క గోడ మీద రోజుకో గీత గీయడం మొదలుపెట్టాను. ఆకలేస్తే నాయనకు చెప్పేదాన్ని, ఆయన అమ్మకు చెప్పేవాడు. అమ్మ అడిగినదానికి జవాబు కూడా ఆయన ద్వారానే. "నేనేమన్న పోస్ట్‌మ్యాన్‌నా బిడ్డా," అని మొదట్లో నవ్వాడు. తర్వాత తర్వాత మాటకూ మాటకూ మధ్య దగ్గు ఎక్కువైంది. "ఒక్కపారి అమ్మా అనవే, నీ కాల్మొక్కుత," అని అమ్మ ఒకరోజు నా జడ వేస్తూ బతిమాలింది.

ఇరవై రోజులకే నా కోపం పలచబడింది. భయం చిక్కబడింది. నాయన ఊపిరి రోజురోజుకూ బరువెక్కుతోంది. ఇప్పుడు నోరు తెరిస్తే నా మాటతోనే ఆయన పోతాడనుకున్నాను. ముప్ఫై ఎనిమిదో రోజున ఆయన్ని రిక్షాలో దవాఖానకు తీసుకెళ్ళారు. ఆయన తలను ఒళ్ళో పెట్టుకున్న అమ్మ నావైపు చూసింది, ఏమైనా అంటానేమోనని. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

అమ్మ దవాఖానలోనే ఉండిపోయిన ఆ రోజుల్లో నాకు అన్నం పెట్టింది పక్కింటి దాదీ. భర్త పోయాక ఒంటరిగా ఉండే ముసలావిడ. మూడు రోజులు నన్ను గమనించి, నాలుగో రోజు గోడ దగ్గర నిలబడింది. "గోడంత గీకినవ్, ఇల్లుగలాయన జూస్తే నీ వీపు పగుల్తది. ఏందే గీ గీతలు?" అన్నది. ఏడుస్తూ మొత్తం చెప్పాను. పిల్లల ఒట్లు ఒట్లే కావని ఆవిడ కొట్టిపారేయలేదు. అరుగు మీద కూర్చోబెట్టుకుని, వాళ్ళ ప్రవక్త అయ్యూబ్ పైగంబరు గురించి చెప్పింది.

ఆయనకు ఏళ్ళ తరబడి జబ్బు. ఆస్తి పోయింది, పిల్లలు పోయారు, అయినవాళ్ళు దూరం జరిగారు. ఆయన భార్య ఒక్కతే మిగిలింది. దాదీ ఆమెను బీబీ రహీమా అనేది. ఆమె ఇళ్ళల్లో పనిచేసి ఆయనకు రొట్టె తెచ్చేది. పని దొరకని రోజున తన జడ కోసి అమ్మి తెచ్చింది. అది తెలిసి ఆయనకు కోపం వచ్చింది, నయమయ్యాక నిన్ను నూరు దెబ్బలు కొడతానని ఒట్టు వేశాడు. దేవుడి దయవల్ల నయమైంది. ఇప్పుడెలా? కొడితే అన్యాయం, కొట్టకపోతే ఒట్టు తప్పడం. గడ్డిపోచల కట్ట ఒకటి పట్టుకుని ఒక్కసారి తాకించు, ఒట్టు తప్పకు అని దేవుడే చెప్పాడట.

"ఆయన మీ పైగంబరు గద దాదీ, మాకు నడుస్తదా?" అన్నాను.

"నడుస్తది తియ్యే. కోపంల మాట ఇచ్చి ఇరుక్కునుడు అందరికి ఒక్కతీర్గనే ఉంటది."

మిల్లు గోడ వెనక ఖాళీ జాగాలో ఇద్దరం గరిక కోశాం. నేను మూడుసార్లు లెక్కపెట్టాను. ఒకటి తక్కువైతే దాదీ నడుము పట్టుకుని మళ్ళీ వంగింది. నూరు దినాలకు నూరు పోచలు. దారంతో కట్టింది. సాయంత్రం నాయన బట్టల కోసం అమ్మ వచ్చింది. ఆ కట్టను ఆమె ముంజేతికి తాకించి, "అమ్మా," అన్నాను. ఏమీ అర్థంకాక అమ్మ దాదీ వైపు చూసింది. నేను ఆగలేదు. "లడ్డూ నాయనకోసం అడిగిన," అన్నాను. అమ్మ గడప మీద కూలబడి నా చెంప రెండు చేతులతో పట్టుకుంది.

మర్నాడు దవాఖానలో మంచినీళ్ళ గ్లాసు ఎవరు కడగాలని అమ్మతో పోట్లాడాను. నాయన కళ్ళు మూసుకునే నవ్వాడు. పదకొండు రోజులకు పోయాడు.

శవం దగ్గర పెద్దమ్మ ఊరుకోలేదు. "ఒట్టు దప్పింది, గందుకే," అన్నది. అమ్మ తల ఎత్తకుండానే, "ఒట్టు తీరింది అక్కా, నువ్వు సప్పుడు జెయ్యకు," అన్నది. ఆ వెంటనే నన్ను పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. నేను అమ్మా అంటూ ఆమె మీద పడ్డాను. గోడ మీది గీతల లెక్కలో నూరు రోజులు ఇంకా నిండలేదు. దాదీ లేకపోతే ఆ గుంపులో నేను నోరు మూసుకుని నిలబడి ఉండేదాన్ని.

అయినా ఒకటి మిగిలిపోయింది. నాయన ఇంట్లో ఉన్న చివరి ముప్ఫై ఎనిమిది రోజులూ ఇద్దరు మాట్లాడుకోని ఆడవాళ్ళ మధ్య దగ్గుతూ మాటలు మోశాడు. దానికేం చేయాలని దాదీని అడిగాను. దానికి ఆవిడ దగ్గర కథ లేదు. నన్ను దగ్గరకు తీసుకుంది.

నేనేం మారలేదు. మా ఆడపడుచు బోడుప్పల్లో ఇల్లు కట్టుకుని, గృహప్రవేశానికి నన్ను వాట్సాప్‌లో పిలిచింది. గుమ్మం దాకా వచ్చి బొట్టుపెట్టి పిలవడానికి ఆమెకు తీరిక లేదట. నేను వెళ్ళలేదు. ఇకమీదా వెళ్ళను. కానీ ఆమె ఫోన్ మోగితే మాత్రం, చేతిలో ఏ పనున్నా వదిలేసి, ఎత్తి మాట్లాడతాను.