మిరప టిక్కీల వెనక గది

మా ఇంటికి నెట్ వైరు వీధి గుమ్మం పక్క కిటికీలోంచి వచ్చింది. పెట్టడానికి వచ్చినవాళ్లు రూటర్‌ని అక్కడే, హాల్లో క్యాలెండర్ పక్కన మేకుకి తగిలించి వెళ్లిపోయారు. నేను పాఠాలు చెప్పే గది వెనక ఉంది. మధ్యలో ఒక్కటే గోడ. మిరపకాయ ఇంట్లోకి రానంతవరకూ ఆ గోడ దాటి నెట్ బాగానే వచ్చేది.

పర్చూరులో నేను లెక్కలు చెప్పిన ప్రైవేటు స్కూలు మూతపడ్డాక ఏడాదిన్నర ఖాళీగా ఉన్నాను. ఖాళీగా అంటే వంట, గేదెలు, పొలం అన్నీ చూసుకుంటూ ఖాళీగా అన్నమాట. చర్చిలో ఎవరైనా "ఇప్పుడేం చేస్తున్నావమ్మా?" అని అడుగుతారేమోనని ఆరాధన అయీ అవకముందే చెప్పులు వేసుకునేదాన్ని. అలాంటప్పుడు ఆన్‌లైన్‌లో ట్యూషన్లు చెప్పించే సంస్థ ఒకటి, మూడు నెలలు చూసి ఉద్యోగం ఖాయం చేస్తామంది. సాయంత్రం ఐదింటికి క్లాసు. పుణెలో ఉండే తెలుగువాళ్ల పాప, ఆరో తరగతి. భిన్నాలంటే ఏడుపు. నలభై రెండేళ్ల వయసులో నన్ను మళ్లీ "టీచర్" అని పిలిచిన మొదటి మనిషి ఆ పిల్లే.

రెండు నెలలు హాయిగా గడిచాయి. ఆ తర్వాత కల్లంలో కాయ ఆరేసరికి మబ్బు పట్టింది. పెళపెళా ఎండిన కాయని అలాగే బస్తాలోకి తొక్కితే పగిలి గింజంతా రాలిపోతుంది. అందుకే మా వైపు ముందుగా నీళ్లు చిలకరించి, కాయ మెత్తబడ్డాక టిక్కీలు తొక్కుతారు. టిక్కీ అంటే మిరప బస్తా. ఆ రోజు బిందె పట్టుకుని చిలకరించింది నేనే. వాన కంగారులో చెయ్యి కాస్త ఎక్కువే పడింది. కోల్డ్ స్టోరేజీలో చోటు దొరకలేదు. వరండాలో పెడదామన్న మా ఆయనతో "జల్లు కొడితే మొత్తం పోద్దండీ, హాల్లో పెట్టించండి" అన్నది కూడా నేనే. నా గది గోడకి ఆనించి, రెండు వరసలుగా, కప్పు దాకా దగ్గరుండి పేర్పించాను.

మర్నాడు క్లాసులో ఆ పాప, "టీచర్, మీరు ఆగిపోయారు" అంది. నాలుగు నిమిషాలకి మళ్లీ ఆగిపోయాను. రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. మేకు తీసి ఇంకాస్త పైకి కొట్టాను. దాని కొమ్ములు నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా తిప్పి చూశాను. సిగ్నల్‌ని ముందుకి పంపుతుందంటే ఒక చిన్న డబ్బా తెప్పించి వంటింట్లో పెట్టాను. తన దాకా రానిదాన్ని అదేం పంపుతుంది? ఫోన్‌లో నెట్ పెడదామంటే మా ఊళ్లో టవర్ ఉన్నా లేనట్టే.

పదిసార్లు ఫోన్ చేస్తే రిపేరు చేసే ఆయన వచ్చాడు. రూటర్ చూశాడు, టిక్కీలు చూశాడు, గట్టిగా రెండు తుమ్ములు తుమ్మాడు.

"రూటర్ బంగారంలా ఉందండీ. తడి ఉన్నది ఏదైనా సిగ్నల్ని తాగేస్తదండీ. వీటికంటే ఆ గోడే నయం."

"రూటర్‌ని నా గదిలోకి మార్చండి."

"స్తంభం కాడ్నుంచి వైరు కొత్తగా లాగాలండీ. సోమవారం వస్తా."

ఆ బస్తాల్లో తడి ఎక్కడినుంచి వచ్చిందో అతనికి చెప్పలేదు. సోమవారాలు వచ్చాయి గానీ అతను రాలేదు.

"ఏవండీ, ఈ టిక్కీలు ఎప్పుడు కదుల్తాయి?" అని మా ఆయన్ని అడిగాను.

"రేటు లేచాక."

"అదెప్పుడు లేస్తది?"

"నన్నడుగుతావేందే? ఏడాది చాకిరీ నీ ఇంటర్నెట్టు కోసం పారబొయ్యమంటావా?"

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అయినా ఆ పూట ఆయన్నీ, మిరపకాయల్నీ, నన్నూ కలిపి అసహ్యించుకున్నాను. హాల్లోనే, రూటర్ కింద బస్తాలకీ గుమ్మానికీ మధ్య మిగిలిన సందులో స్టూలు వేసుకుని పాఠం చెప్పాను. ఘాటుకి కళ్లూ ముక్కూ ఏకమయ్యేవి. మాస్కు పెట్టుకుంటే మాట అర్థం కాదు, తీస్తే తుమ్ములు. ఆ పాప మొదట్లో నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. ఒకరోజు వాళ్ల అమ్మ తెరమీదికి వచ్చి, "మీకు ఒంట్లో బాగాలేదేమో, ఇవాళ్టికి వదిలేయండి" అంది. ఇక దాంతో వెనక గదిలోకే పోయి, ఆగిపోతూ కదులుతూ రోజులు లాక్కొచ్చాను. ఇది నిలవదని నాకు తెలుసు.

ఒక గురువారం మధ్యాహ్నం సంస్థ నుంచి మెసేజ్ వచ్చింది. పాపని వేరే టీచర్‌కి ఇచ్చారట. తరచూ అంతరాయాలు వస్తున్నందున నన్ను కొనసాగించలేమట. శుభాకాంక్షలు కూడా చెప్పారు. మంచం మీద కూలబడి అదే మెసేజ్‌ని మళ్లీ మళ్లీ చదువుతుంటే వీధిలో లారీ ఆగిన చప్పుడైంది. మొహం తుడుచుకుని హాల్లోకి వెళ్తే ఇద్దరు మనుషులు టిక్కీలు భుజానికెత్తుకుంటున్నారు. మా ఆయన లుంగీ ఎగ్గట్టి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"రేటు లేచిందా?" అన్నాను.

"ఇంకా పడింది. పడితే పడనీలే. నీ క్లాసు ఐదింటికేగా? ఈలోపే ఖాళీ చేయిస్తా."

ఫోన్‌ని కొంగులో చుట్టుకుని, చీపురు తెచ్చి, నేల మీద పడ్డ గింజలూ తొడిమలూ ఊడ్చాను. లారీ వెళ్లిపోయాక ఆయన కుర్చీ తెచ్చి, బస్తాలు లేచిన చోటే, నా గది గోడకి ఆనుకుని కూర్చున్నారు. నా పాఠం వినడానికి ఆయన కూర్చోవడం అదే మొదటిసారి.

ఐదింటికి తలుపు వేసుకుని లాప్‌టాప్ తెరిచాను. సిగ్నల్ నిండుగా ఉంది. క్లాసుల పట్టికలో నా పేరు లేదు. బయట కుర్చీ కిర్రుమంది.

"గుడ్ ఈవినింగ్ అమ్మా. నిన్న ఎక్కడ ఆపాం?" అన్నాను. పిల్ల జవాబు చెప్పేంతసేపు ఆగాను. "ఊఁ, కరెక్టే. మూడు బై నాలుగు, ఒకటి బై నాలుగు. కలిపితే ఎంత?" ఖాళీ తెరకి గంటసేపు భిన్నాలు చెప్పి, హోంవర్క్ ఇచ్చి, లాప్‌టాప్ మూశాను.

తలుపు తీసేసరికి ఆయన లేచి నిలబడ్డారు. ఆ మొహంలో అంత సంతోషం నేను చూసి చాలా రోజులైంది.

"ఇవాళ ఒక్కసారి కూడా ఆగలేదుగా?" అన్నారు.

"లేదండీ" అన్నాను.