తొట్టి తినని కరెంటు

ఎలక్ట్రికల్ చదువు ముగించిన కొత్తలో, నాంపల్లిలో వెండిపూత వేసే దుకాణానికి కరెంటు పని చూడటానికి వెళ్లాను. అక్కడ ఒక రసాయనపు తొట్టి, అందులో ఎదురెదురుగా వెండి పలక, ఆబిడ్స్ హోటలు వారి పళ్లెం, మెయిన్ కరెంటును వోల్టేజీ తగ్గించకుండా పంపే పాత పెట్టె, కరెంటు వెళ్లే దారిలో ఒక మీటరు, తిరిగొచ్చే దారిలో ఒకటి, యజమాని యాదగిరి సేటు, నేను ఉన్నాం. వెండి అంటే లక్ష్మి కనుక ఇద్దరమూ చెప్పులు వాకిట్లోనే విడిచాం.

మొదటి మీటరు అయిదు ఆంపియర్లు చూపుతోంది, రెండోది నాలుగు.

"తొట్టి జర తింటది గద, ఇంజినీర్ సాబ్," అంటూ సేటు పళ్లెం తీయడానికి చేయి చాచాడు.

తొట్టి కరెంటును తినదు. వెళ్లినంతా తిరిగి రావాలి. రానిది మేము నిలబడ్డ తడి నేలలోకే పోతోంది.

"ముట్టకుండ్రి సేటూ, పానం పోతది," అంటూ స్విచ్చి తీసేశాను.

తీగ తొడుగు చిరిగి తొట్టి ఇనుప స్టాండుకు తగులుతోంది. తీగ మార్చాను. సేటు వెళ్లి చెప్పులు తొడుక్కొచ్చాడు. ఆ చాచిన చేయి నాకింకా కళ్లముందే ఉంది.

స్విచ్చి మళ్లీ వేశాం. మొదటి మీటరు అయిదు, రెండోది అయిదు.